ఎముకల గిన్నెలో ఉంగరం

పట్టపగలు ఎర్రటి కళ్ళద్దాలు పెట్టుకొని, పాత సైకిలు మీద కొండవాలు దారిని దిగివచ్చే లియావ్ సూమెయ్‌ని చూడగానే యోచాకెంగ్ ఊరి ఆడవాళ్ళ మాటలు మధ్యలోనే తెగిపోయేవి. వాగులో బట్టలుతికేవాళ్ళ చేతుల్లో కర్రలు గాలిలో ఆగిపోయేవి. ఆమె కళ్ళకు జబ్బేమీ లేదు. ఎక్స్‌రే తెర మీద తేలే పచ్చని మసక వెలుగును పోల్చుకోవాలంటే కళ్ళు ముందుగా చీకటికి అలవాటు పడాలి; ఎండలోంచి నేరుగా వచ్చినవాడికి ఆ తెర వట్టి నల్లపలక. ఎర్ర అద్దాల వెనుక ఉన్న కళ్ళకు మాత్రం పగలు కూడా చీకటితో సమానమే. అందుచేత పరీక్ష ఉన్న రోజున ఇంటి గడప దాటకముందే ఆమె వాటిని తగిలించుకొనేది. అవి కనిపించాయంటే ఆ రోజు ఉంగరాల పరీక్ష అని ఊరంతటికీ దండోరా వేసినట్టే.

ఆ ఉంగరం వేలికి పెట్టుకొనేది కాదు. ఒక బిడ్డను కన్న ప్రతి ఇల్లాలికీ, ఒక్క బిడ్డతోనే ఆపాలన్న ఆ కాలపు సర్కారు ఆజ్ఞ ప్రకారం, గర్భాశయంలో ఉక్కు ఉంగరం అమర్చేవారు. మరొక జీవి ఆ గూట చేరకుండా అది అక్కడ కాపలా కాయాలి. కాపలా సరిగా ఉన్నదో లేదో చూడడానికి ఋతువు మారినప్పుడల్లా ఊరి ఆడవాళ్ళను కుటుంబ నియంత్రణ కేంద్రం ముందు వరుసగా నిలబెట్టేవారు. ఒక్కొక్కరే చీకటి గదిలోకి వెళ్ళి తెర వెనుక నిలబడితే, ఇవతల కూర్చున్న సూమెయ్ కాలితో మీట నొక్కి చూసి, "ఉంది" అనో "లేదు" అనో పలికేది. ఆ రెండు మాటల మధ్యనే చాలా ఇళ్ళ సంసారాలు ఊగిసలాడేవి.

ఆమె ఈ విద్యను జిల్లా ఆసుపత్రిలో హో మాస్టారు అనే ముసలాయన దగ్గర నేర్చుకొన్నది. ఆయన మాట ఒక్కటే. "పిల్లా, రోగాలు తర్వాత. ముందు రోగం లేని ఒళ్ళు ఎట్లా ఉంటుందో కంఠతా పట్టు. అది నోటికొచ్చిందనుకో, తేడా దానంతటదే మాట్లాడుతుంది." సూమెయ్ అలాగే కంఠతా పట్టింది. అటూ ఇటూ విచ్చుకొన్న తుంటి రెక్కలు, లోపలి ఎముక పలచన కనుక వాటి నీడా పలచన. వాటి నడుమ వెనుకగా, కిందికి కోసుగా దిగే త్రికాస్థి. దానికి రెండు వైపులా జంటలు జంటలుగా రంధ్రాలు. గిన్నెల్లో నిండు చంద్రుల్లా ఒదిగిన తొడ ఎముకల తలలు. అడుగున రెండు వెలుతురు కిటికీలు. ఆ రెంటి నడుమ, కుడి ఎడమ ఎముకలు కలిసే చోట, వెంట్రుకవాసి కంటె కాస్త పెద్దదైన సందు. కవులు వర్ణించి వర్ణించి అలసిన శ్రోణిని అక్కడివాళ్ళు ఎముకల గిన్నె అంటారు. చిత్రమేమంటే, ఆ గిన్నెలో దేనికోసం వెదుకుతారో ఆ గర్భాశయం మాత్రం తెర మీద కనబడదు. మాంసపు గూడు కిరణాలకు నీడనివ్వదు. అందులో ఉంగరం ఉంటే, ఆ నల్లని గీతను బట్టి, "ఇదుగో ఇక్కడున్నది" అని ఊహించుకోవాలి.

మొదట నేర్చుకొన్న గిన్నె ఖాళీది. తర్వాత ఏళ్ళ తరబడి చూసినవన్నీ ఉంగరం ఉన్నవి. చూడగా చూడగా సహజమన్న మాటకే అర్థం మారిపోయింది. ఒకసారి ఝూ ఇంటి పెళ్ళికాని పిల్ల పండ్లచెట్టు మీదనుంచి జారిపడితే తుంటి విరిగిందేమో చూడమని తీసుకొచ్చారు. సూమెయ్ చూసి, ఎముకలన్నీ సరిగా ఉన్నాయని తేల్చుకొని, అలవాటు చొప్పున గట్టిగా అన్నది: "ఉంగరం లేదు. వేయించాలి." గది బయట ఉన్న తల్లి చీపురు పుచ్చుకొని లోపలికి దూసుకొచ్చింది.

"ఏమేవ్ ఎర్రకళ్ళదానా! నా కూతురికింకా పెళ్ళి చూపులే కాలేదు, నువ్వప్పుడే ఉంగరం తొడుగుతావా? మీ ఇంట్లో పిల్లికి తొడుక్కో పో!"

ఊరు పది రోజులు నవ్వుకొన్నది. సూమెయ్ నవ్వలేదు. హో మాస్టారు చెప్పిన సహజరూపం తన కళ్ళలోంచి ఎప్పుడు జారిపోయిందో ఆమెకే తెలియలేదు.

శరదృతువు పౌర్ణమి పండుగ వెళ్ళిన వారానికి జరిగిన పరీక్షలో తెర వెనుక నిలబడినది సూమెయ్ తోటికోడలు చ్యూలాన్. మొగుడు దూరపు గనుల్లో పనిచేస్తూ అప్పుడప్పుడు వచ్చిపోతాడు; బడికి వెళ్ళే కొడుకున్నాడు. చనువుగల మనిషి, ఊళ్ళో అందరూ తప్పుకొనిపోతున్నా, "అక్కా, మా చిలగడదుంపలు ఉడికాయి, వేడిగా ఉన్నప్పుడే రా" అని పిలిచే ఒకే ఒక్క గొంతు ఆమెది.

సూమెయ్ మీట నొక్కింది. ఉంగరం కనబడింది. కాని ఉండవలసిన చోట లేదు. అది గిన్నెలోనే లేదు. తుంటి రెక్కల అంచులకు పైన, వెన్నుపూసల మీద, సరిగ్గా బొడ్డు ఉండే ఎత్తున, దిద్దినట్టు గుండ్రంగా నిలిచింది. గర్భాశయం ముందుకు వాలి ఉంటుంది కనుక అసలు ఉంగరం దాదాపు ఎప్పుడూ కోలగానే కనబడుతుంది. లంగా కొక్కెం ఏదైనా అడ్డొచ్చిందేమో, అసలుది కింద ఉన్నదేమో అని సూమెయ్ కాలు తీయకుండా వెదికింది. "కొంచెం పక్కకు తిరుగు" అన్నది. చ్యూలాన్ తిరిగింది. ఉంగరం నడుమును వదిలి, ఒంటి అంచువరకు జారిపోయింది. లోపల ఉన్నది అలా కదలదు. అది చర్మం మీద, గుడ్డలో కుట్టి కట్టుకొన్న ఉంగరం.

"ఉంది" అన్నది సూమెయ్. తన గొంతు తనకే ఎవరిదో అనిపించింది.

సాయంకాలం వాగు ఒడ్డున చ్యూలాన్‌ని పట్టుకొన్నది.

"బొడ్డు మీద కట్టుకున్నావేమే పిచ్చిదానా! గర్భసంచి బొడ్డు వెనకాల ఉంటుందని ఎవరు చెప్పారు నీకు?"

"ఎవరూ చెప్పలేదక్కా. బిడ్డ కడుపులో ఉంటుంది కదా, కడుపంటే ఇదే కదా!" చ్యూలాన్ నవ్వబోయి ఆపుకొన్నది. "ఆ ఉంగరం వేసిన దగ్గర్నుంచీ నెలంతా రక్తమే. మనిషిని నిలబడలేకపోయా. కొండమీది ముసలమ్మ కొక్కేనికి తగిలించి లాగేసింది. కడిగి దాచుకున్నా."

"నాతో చెప్పొచ్చుగా?"

"చెబితే నువ్వేం చేస్తావక్కా, 'లేదు' అంటావు. మళ్ళీ వేస్తారు." నీళ్ళవైపు చూస్తూ అన్నది. "ఇప్పుడు వేయడానిక్కూడా చోటు లేదులే. నెల తప్పింది."

సూమెయ్ కుడికాలు మడమనుంచి మోకాలిదాకా మంచులో దిగినట్టయింది. ఆ పరీక్షలో మీట మీద ఉన్నది ఆ కాలే. కళ్ళు వెదికినంతసేపూ ఆ కాలు తీయలేదు. ఆ కిరణాలు నీళ్ళవంటివి కావు, ఒంటిమీద పడి జారిపోవు. గర్భిణిని తెర వెనుక నిలబెట్టవద్దని హో మాస్టారు చేతులు జోడించి మరీ చెప్పాడు. తల్లి కడుపులో జీవుడు చేతులు మోడ్చి, తనను వెలుగులోకి తెమ్మని దేవుణ్ణి వేడుకొంటాడని పురాణాలు చెబుతాయి. ఈ జీవుడి మీద అడగకముందే, రూపమింకా ఏర్పడకముందే ఒక వెలుగు పడింది. అది ఏ వెలుగో, ఏం చేసి పోయిందో చెప్పగలవారు ఆ కొండల్లో ఎవరూ లేరు.

ఆ మాట ఆమె చ్యూలాన్‌తో అనలేకపోయింది. "కిందికి కట్టుకో" అని మాత్రం అన్నది. "ముందరి ఎముకకు పైన రెండు వేళ్ళు వదిలి."

చలి మొదలయ్యేసరికి కేంద్రానికి కొత్త డైరెక్టరు వచ్చాడు. పాంగ్ అనే ఆయన, సైన్యంలో పనిచేసిన మనిషి. మొదటి రోజే పొగలు కక్కే టీ మగ్గు పట్టుకొని చీకటి గది అంతా కలయజూశాడు.

"పక్క ఊళ్ళో తెర మీదేమో ఉంగరాలు, ఊయలల్లోనేమో పిల్లలు! రెండింట్లో ఏదో ఒకటి అబద్ధం కదా, లియావమ్మా? ఊయల అబద్ధమాడదే!"

"అడగవలసింది నన్ను కాదు డైరెక్టరు గారూ, పక్క ఊరివాళ్ళని."

"అడిగాను. గుడ్డల్లో కుట్టుకున్నారట. ఈసారి నీ పక్కన నేనూ కూర్చుంటాను. నాక్కూడా ఒక జత ఎర్రద్దాలు తెప్పించు. ఇద్దరం కలిసి చూస్తే నాలుగు కళ్ళు."

పరీక్షకు రానివాళ్ళ ఇంటి పెంకులు ఊడదీసేవారు, పందిని తోలుకుపోయేవారు, ఇంట్లో ముసలివాళ్ళను తీసుకుపోయి కూర్చోబెట్టేవారు. కనుక చ్యూలాన్ రాక తప్పదు. వస్తే పాంగ్ పక్కకు తిరగమంటాడు. దొరికితే అదే రోజు కడుపు తీసేసే బల్ల మీదికి ఎక్కిస్తారు. దొరకకపోయినా, మీట నొక్కితే ఆ జీవి మీద రెండవసారి ఆ వెలుగు పడుతుంది. తలుపు ఏ వైపు తెరిచినా నిప్పే.

మార్గశిరపు మంచు పెంకుల మీద గడ్డకట్టిన ఉదయాన పరీక్ష జరిగింది. దూది కోట్లు తొడుక్కొన్న ఆడవాళ్ళు అరచేతులు కోటు చేతుల్లో దోపుకొని వరుసకట్టారు. చ్యూలాన్ కోటు కింద పొట్ట కొద్దిగా ఎత్తు తేలింది. గుడ్డతో బిగించి కట్టుకొన్నది. పాంగ్ పొద్దుటినుంచీ ఎర్రద్దాలు తీయలేదు. చీకటి గదిలో వాటిని తీసి, తెరకు ముక్కు ఆనించినంత దగ్గరగా కూర్చొన్నాడు. చురుకైనవాడు, నలుగురిని చూసేసరికి ఉంగరం ఎక్కడుంటుందో తెలిసిపోయింది.

ఐదో మనిషి ఝోంగ్ అత్త. సోయాపాల జున్నులో మాంసం కూరి ఆమె చేసే నింపుడు తోఫుకు ఊళ్ళో పేరు.

"పక్కకు తిరుగు" అన్నాడు పాంగ్.

"నడుం పట్టేసింది నాయనా, తిరగలేను."

"తిప్పమంటావా?"

ఆమె తిరిగింది. ఉంగరం అంచుకు జారింది. పాంగ్ కేకవేయలేదు. తృప్తిగా గాలి వదిలాడు. అంతే, ఇద్దరు మనుషులు వచ్చి ఝోంగ్ అత్తను రెక్కలు పట్టుకొని నడిపించుకుపోయారు. "పొయ్యి మీద సోయాపాలు పెట్టొచ్చానయ్యా, పొంగిపోతాయి" అన్న ఆమె గొంతు ముంగిలి దాటేదాకా వినిపించింది. పాంగ్ వాళ్ళ వెంట బయటికి వెళ్ళి, మంచు మీద తళతళలాడే ఎండలో నిలబడి, ఆమెను ఎక్కడికి తీసుకుపోవాలో చెప్పి, సిగరెట్ ముట్టించుకొని తిరిగివచ్చాడు. ఎర్రద్దాలు లోపలే, కుర్చీ మీద ఉండిపోయాయి. ఆ సంగతి ఆయనకు పట్టలేదు. విద్య వచ్చేసిందనుకొన్నవాడికి పలకతో పనేమిటి!

"తర్వాతెవరు?" అన్నాడు.

"చ్యూలాన్" అన్నది సూమెయ్. తలుపు మూసుకొన్నది. యంత్రం పెట్టె ఎప్పటిలాగే గుంయిమంటున్నది. తెర వెనుక తోటికోడలి ఊపిరి ఆమెకు వినిపిస్తున్నది. ఒక క్షణం ఆమె కాలు మీట మీదే ఉన్నది. తర్వాత దాన్ని పక్కకు తీసి, మీట చప్పుడులా వినబడేటట్టు మడమతో నేలమీద టక్కుమని కొట్టింది.

తెర వెలగలేదు. ఎండను చూసివచ్చిన పాంగ్ కళ్ళకు వెలగని తెరా, వెలిగిన తెరా రెండూ ఒకటే.

"ఊఁ" అన్నాడాయన. కుర్చీ ముందుకు జరిపాడు. కనురెప్పలు టపటపలాడించడం సూమెయ్‌కి కనబడింది. "ఏదీ?"

"ఇవిగో డైరెక్టరు గారూ, అటూ ఇటూ తుంటి రెక్కలు. ఎడమ రెక్క మీద పేగులో గాలి, తెల్లగా."

"ఆఁ, ఆఁ. గాలి."

"మధ్యలో త్రికాస్థి. రంధ్రాలు జంటలుగా, రెండువైపులా సమానంగా ఉన్నాయి. తొడ ఎముకల తలలు గిన్నెల్లో సరిగా కూర్చున్నాయి. కింద కిటికీలు రెండు. వాటి మధ్య సందు నిట్టనిలువుగా ఉంది, మనిషి వంకరగా నిలబడలేదు. ఆ సందుకు పైన, కాస్త ఎడంగా…"

ఆమె పదం తరువాత పదంగా, తడబడకుండా, స్తోత్రం చదివినట్టు చదువుతున్నది. ఎన్నో ఏళ్ళ కిందట హో మాస్టారు ముందు అప్పజెప్పిన ఆ సహజరూపం, ఏదీ లేని ఆ నల్లపలక మీద, ఒక్కొక్క ఎముకగా లేచి నిలబడింది. ఎదుట ఆమెకు కనబడుతున్నది ఖాళీ గిన్నె. నోటితో చెప్పవలసింది ఉంగరం.

"…ఉంగరం. కోలగా ఉంది. పైకొన కొంచెం వాలింది."

"వాలింది" అన్నాడు పాంగ్. "పక్కకు తిప్పు."

"చ్యూలాన్, తిరుగమ్మా." బట్టల గలగల. "తిరిగింది. ఉంగరం సన్నబడి గీతలా అయింది. చోటు మారలేదు. చూశారా?"

బయట ఆడవాళ్ళు తలుపుకు చెవులొగ్గి ఉన్నారని ఇద్దరికీ తెలుసు.

"చూడకేం! గుడ్డివాణ్ణా?" అని, బయటికి వినబడేటట్టు గట్టిగా అన్నాడు. "ఉంది! పొమ్మను."

తరువాతి మనిషి వచ్చింది. సూమెయ్ మీట నొక్కింది. తెర మీద పచ్చని మసక, చెరువు మీద నాచులా పరుచుకొన్నది. ఈలోగా చీకటికి అలవాటుపడ్డ పాంగ్ కళ్ళకూ అది కనబడింది. పాంగ్ సిగరెట్ నిప్పు నోటికీ మోకాలికీ మధ్య ఎక్కడో ఆగిపోయింది. ఆయన తెరవైపు చూశాడు, తర్వాత కిందికి, ఆమె కాలివైపు చూశాడు.

అందరూ వెళ్ళిపోయాక చేతులు వెచ్చజేసుకొంటూ మెల్లిగా అన్నాడు.

"ఈ మధ్య నా కళ్ళు బాగానే ఉన్నాయి లియావమ్మా. వెలుగుంటే కనబడుతుంది."

సూమెయ్ యంత్రం మీద గుడ్డ కప్పింది.

"ఉందని నువ్వన్నావు, నేనూ అన్నాను. పాతికమంది విన్నారు. రేపు ఆ ఇంట్లో బిడ్డ ఏడిస్తే మనిద్దరం అబద్ధాలకోర్లం. నాకది కుదరదు. కొత్త సంవత్సరానికి ముందు వంటింటి దేవుణ్ణి సాగనంపే పండుగలోపల, ఎవరికీ తెలియకుండా, నువ్వే ఆ మనిషిని బల్ల దగ్గరికి నడిపించుకురా. సొంత మనిషివి, నీ మాట వింటుంది." టీ మగ్గు మూత తీసి ఊదుకొన్నాడు. "భయపడకు. నేను కోపిష్టివాణ్ణి కాను."



సంతరోజు మధ్యాహ్నం చ్యూలాన్ పెరట్లో చిలగడదుంప చెక్కలు చాపల మీద ఆరబెడుతున్నది. సూమెయ్ చెప్పవలసినదంతా చెప్పి, "కనుమ దాటి వెళ్ళిపో. మీ పిన్ని వాళ్ళు బొగ్గు కాలుస్తున్నారు కదా, అక్కడికి" అన్నది.

"పిల్లాడు?"

"నా దగ్గరుంటాడు."

"ఇంటి పెంకులు పీకేస్తారు."

"పీకనీ. పెంకులు మళ్ళీ కాల్చుకోవచ్చు."

చ్యూలాన్ చెక్కలు తిరగేయడం ఆపింది. "అక్కా, ఒక్క మాట. మొన్న నువ్వు మీట నొక్కలేదు. తెర వెనకాల ఉన్నా నాకు తెలిసింది, ప్రతిసారీ అది నొక్కినప్పుడు పెట్టె గొంతు మారుతుంది. కానీ పండగ తర్వాత నొక్కావు. చాలాసేపు నొక్కావు. అది బిడ్డకు తగిలిందా?"

అబద్ధం నాలుక చివరిదాకా వచ్చింది. పరీక్ష గదిలో అంత ధారాళంగా పలికిన నోరు ఇక్కడ పెగలలేదు.

"తగిలింది."

"ఏమవుతుంది?"

"తెలియదు. ఏమీ కాకపోవచ్చు. ఎముకో, ఎదుగుదలో… నిజంగా నాకు తెలియదే."

చ్యూలాన్ ఆమె మొహంలోకి చాలాసేపు చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండునని సూమెయ్‌కి తోచింది. చివరికి బుట్టలో దుంప చెక్కలు నింపుకొని, పైన సంతకు పోయేదానిలా మిరపకాయలు పరిచి, "పిల్లాడికి రాత్రిళ్ళు దగ్గొస్తుంది, అల్లం రసం పట్టు" అని చెప్పి బయలుదేరింది. కనుమ దారి మలుపులో దూది కోటు కొంతసేపు నీలంగా కనబడి, తరువాత మంచులో కలిసిపోయింది.

మరుసటి పరీక్షకు ఆమె రాలేదు. పెంకులు దించారు, ఇల్లు వానకు నానింది. పాంగ్ ఎవరినీ ఏమీ అనలేకపోయాడు, అంటే తన కళ్ళ సంగతి ముందు చెప్పుకోవాలి. సూమెయ్‌ని మాత్రం చీకటి గదినుంచి తీసి, శస్త్రచికిత్స బల్ల ఉన్న గది ముందు ఆడవాళ్ళను వరుసపెట్టే పనికి మార్చాడు. అక్కడ అద్దాలతో పనిలేదు. అక్కడి కేకలు పట్టపగలే, అందరికీ ఒక్కటిగా వినబడేవి. పాంగ్ బదిలీ అయ్యేదాకా ఆమె ఆ గుమ్మం దగ్గర నిలబడింది. సంతానమిచ్చే గ్వాన్‌యిన్ తల్లి బొమ్మను బియ్యపు జాడీ వెనుక దాచుకొని, రోజూ ఒక అగరుబత్తి వెలిగించేది. తన కోసం ఏదీ అడిగేది కాదు.

బిడ్డ కనుమ అవతల బొగ్గు బట్టీల పాకలో పుట్టింది. ఆడపిల్ల, గట్టిగా ఏడ్చిందట. ఆ కబురు మోసుకొచ్చిన బొగ్గుల మనిషిని సూమెయ్ అడిగిన ప్రశ్నలకు అతడు బిత్తరపోయాడు. "వేళ్ళన్నీ ఉన్నాయా? రెండు కాళ్ళూ ఒక్క పొడుగేనా? తొడల మడతలు సమానంగా ఉన్నాయా?"

"నేను బొగ్గు తూస్తానమ్మా, పిల్లల్ని కాదు" అన్నాడతడు.

పిల్లకు మాటలూ నడకా వచ్చాక చ్యూలాన్ తిరిగివచ్చింది. కొత్త పెంకుల కింద కొత్త పొయ్యి వెలిగింది. పిల్ల పేరు శ్యావ్‌లూ. బొద్దుగా, నల్లటి కళ్ళతో, కోడిపిల్లల వెంట ముంగిలంతా పరుగెత్తేది. సూమెయ్ అరుగు మీద కూర్చొని, పిల్లను ఎదురుగా కాక వెనుకనుంచి చూసేది: నడుము ఒక పక్కకు ఒరుగుతున్నదా, తుంటి ఒకటి దిగుతున్నదా, అడుగు ఒకటి ఆలస్యంగా పడుతున్నదా. ఏదీ కనబడేది కాదు. కనబడకపోవడం ఆమెకు ఊరట కాలేదు. ఎముకలు ఎదుగుతూనే ఉంటాయి, లోపలున్నది బయటపడడానికి ఏళ్ళు పట్టవచ్చు. చ్యూలాన్ వంటింటి గుమ్మంలోంచి ఇదంతా చూసేది, అక్కడినుంచి కదిలేది కాదు.

"శ్యావ్‌లూ, ఇలా రా తల్లీ. ఆ గోడదాకా వెళ్ళి రా."

"ఇందాకే వెళ్ళొచ్చాగా పెద్దమ్మా!"

"ఇంకొక్కసారి. పరుగెత్తకు. మెల్లిగా నడువు."